పద్యం: నోటికి, చేతికి, సభకి

తెలుగు కవిత్వం దగ్గరికి కొత్తగా వచ్చేవాళ్ళలో చాలామంది అర్థం వైపు నుంచి వస్తారు. తాత్పర్యం చదువుతారు, బాగుందనుకుంటారు, పద్యాన్ని వదిలేస్తారు. అలా చదివితే చివరికి మిగిలేది ఒక నీతివాక్యం. దానికి పద్యమే అక్కర్లేదు. చెవి వైపు నుంచి వస్తే లెక్క మారుతుంది. ఏ అక్షరం పొడుగు, ఏది పొట్టి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆగకూడదు అన్నది నోటికి తెలిస్తే చదవడం వస్తుంది, రాయడం మొదలవుతుంది. ఇంకొకరి పద్యాన్ని చెడగొట్టకుండా చెప్పడమూ అచ్చు వేయడమూ కూడా ఆ జ్ఞానంలోంచే వస్తాయి.

అభ్యాసానికి ఒక ఆటవెలది:

చెట్టు నీడ కింద సేదదీరెడివాడు
నాటినట్టివాని నలతఁ గనునె?
పండు తినెడి వేళ వాని పేరొకపరి
తలచుకొన్న చాలు ధన్యుడగును.

ఇది ఈ పాఠం కోసమే కట్టినది. మహాకవి పద్యం కాదు కాబట్టి విరిచి చూడడానికి మొహమాటం అక్కర్లేదు.

చదవడం

పద్యం కనబడగానే రాగం తీయకండి. మొదటిసారి మామూలు మాటల వేగంతో, అక్షరాలు మింగకుండా పైకి చదవండి. రెండోసారి పెన్సిల్ పట్టుకుని పదాలు విడదీయండి: సేద, తీరెడివాడు, నాటిన, అట్టివాని, నలతన్, కనునె, పేరు, ఒకపరి, ధన్యుడు, అగును. సంధి వల్ల పదాల మొదళ్ళు దాక్కుంటాయి. అందుకే పాత పద్యాలు అర్థం కావడం లేదనేవాళ్ళకు నిజానికి అడ్డుపడేది కఠిన పదాలు కాదు. తెలిసిన పదమే వేషం మార్చుకుని వచ్చింది, వాళ్ళు గుర్తుపట్టలేదు, అంతే.

నిఘంటువు చూసేటప్పుడు కూడా ఇదే చిక్కు. ‘గనునె’ అన్న మాట కోసం గ అక్షరం దగ్గర వెతికితే లాభం లేదు, ‘కను’ దగ్గరికి వెళ్ళాలి. పదం మొదట ఉండే క, చ, ట, త, ప అనే పరుషాక్షరాలు ముందు పదాన్ని బట్టి మెత్తబడతాయి. క కాస్తా గ అవుతుంది, ట డ అవుతుంది, త ద అవుతుంది. చ ఒకచోట స, మరోచోట జ. ప ఒకచోట వ, మరోచోట బ. కాబట్టి గ, స, జ, డ, ద, వ, బ లతో మొదలైన మాట దొరక్కపోతే దాని పరుషాక్షరం దగ్గర చూడండి. సగం మాటలు అక్కడే దొరుకుతాయి. ఇంట్లో శబ్దరత్నాకరం ఉంటే చాలు. పెద్ద కావ్యాలు చదివేవాళ్ళకి సూర్యరాయాంధ్ర నిఘంటువు కావాలి. ఆంధ్రభారతి సైటులో చాలా నిఘంటువులను ఒకేచోట వెతకవచ్చు.

పదాలు విడిపోయాక అన్వయం. మాటల్ని వాడుక వరసలో పెట్టుకోండి: చెట్టు నీడన సేద తీరేవాడు ఆ చెట్టు నాటినవాడి నలతను చూస్తాడా? పండు తినే వేళ వాడి పేరు ఒక్కసారి తలచుకుంటే చాలు, ధన్యుడవుతాడు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ధన్యుడయ్యేది ఎవరు? తిన్నవాడా, నాటినవాడా? ‘అగును’కి కర్త పైకి కనిపించదు. తలచుకున్నవాడికి పుణ్యమని ఒక అర్థం, తలచుకుంటే నాటినవాడి కష్టం తీరిందని ఇంకో అర్థం. టీకా రాసేవాళ్ళు వెంటనే ఒకదానివైపు మొగ్గేస్తారు. చదివేవాళ్ళకి ఆ తొందర వద్దు. రెండూ నిలబడుతున్నప్పుడు రెండింటినీ నిలబెట్టుకోవడమే మంచి చదువు.

మూడోసారి చదివేటప్పుడు అర్థం ఎక్కడ ఆగితే గొంతు అక్కడే ఆగాలి. మొదటి పాదం చివర కర్త ఉంది, క్రియ రెండో పాదంలో ఉంది కాబట్టి అక్కడ చిన్న ఊపిరి చాలు. రెండో పాదం చివర ప్రశ్న ఉంది, అక్కడ పూర్తిగా ఆగాలి. మూడో పాదం చివర ‘ఒకపరి’ దగ్గర ఆగితే పద్యం రెండు ముక్కలవుతుంది. దాన్ని ‘తలచుకొన్న చాలు’ వరకూ ఒకే ఊపిరిలో తీసుకెళ్ళి, అక్కడ ఆగి, చివరి ‘ధన్యుడగును’ విడిగా పలకాలి. బడిలో నేర్పేటప్పుడు ప్రతి పాదం చివరా ఆపిస్తారు. కంఠస్థం చేయడానికి ఆ పద్ధతి పనికొస్తుంది, వినేవాళ్ళకి పనికిరాదు. యతిస్థానం దగ్గర ఆగడం ఇంకో పొరపాటు. తెలుగులో యతి అంటే అక్షరాల స్నేహం, విరామం కాదు.

రాగం ఇవన్నీ అయ్యాకే. ఏ రాగమైనా సరే, గురువుల్ని, అంటే పొడుగు అక్షరాల్ని, సాగదీయండి; లఘువుల్ని, అంటే పొట్టివాటిని, పొట్టిగానే వదిలేయండి. ‘నలత’ను ‘నలతా’ అని లాగితే చెవిలో గణం, అంటే గురులఘువుల కట్ట, తప్పినట్టే. ఆలాపన పాదం చివర చేసుకోవచ్చు, మాట మధ్యలో వద్దు. నాటక పద్యాల బాణీ వేరే కళ. దాన్ని శతక పద్యానికి తగిలిస్తే అక్షరాలు మునిగిపోతాయి.

కంఠస్థానికి ఒక చిట్కా: వెనకనుంచి పట్టండి. ముందు నాలుగో పాదం, తర్వాత మూడూ నాలుగూ, తర్వాత రెండూ మూడూ నాలుగూ. మొదటి పాదం నుంచి మొదలుపెట్టినవాళ్ళు సభలో మూడో పాదం దగ్గర తడబడతారు, ఎందుకంటే వాళ్ళు అన్నిటికన్నా ఎక్కువసార్లు చదివింది మొదటి పాదమే.

గురువు, లఘువు, గణం

లెక్క చిన్నదే. ఒక మాత్ర కాలం పట్టేది లఘువు, రెండు పట్టేది గురువు. దీర్ఘాలు గురువులు. ఐ, ఔ లు కలిసినవి, నిండు సున్న ఉన్నవి, విసర్గ ఉన్నవి, పక్కన పొల్లు హల్లు ఉన్నవి గురువులు. సంయుక్తాక్షరానికి, ద్విత్వాక్షరానికి ముందున్న అక్షరం కూడా గురువే. మిగిలినవన్నీ లఘువులు. ‘చెట్టు’లో ‘చె’ చూడడానికి పొట్టిది, ‘ట్టు’ బరువు దాని మీద పడి గురువైంది.

చిక్కులు మూడు చోట్ల వస్తాయి. విడివిడి తెలుగు పదాలైతే పక్క పదం మొదట ఉన్న సంయుక్తం ముందు పదాన్ని తాకదు: ‘చెట్టు క్రింద’లో ‘ట్టు’ లఘువే. సంస్కృత సమాసమైతే తాకుతుంది: ‘దేవప్రతిమ’లో ‘వ’ గురువు. కొన్ని అచ్చతెలుగు మాటల్లో రవత్తు ముందున్న అక్షరాన్ని తేల్చి పలుకుతారు, అప్పుడది లఘువుగానే ఉంటుంది. మూడోది వట్రసుడి. అది సంయుక్తం కాదు. ‘ప్రకృతి’లో మూడూ లఘువులే. దీని అవసరం టైపింగ్ దగ్గర మళ్ళీ వస్తుంది.

గురువుని గ అని, లఘువుని ల అని రాసుకుంటే సూర్యగణాలు రెండే: గల, లలల. ఇంద్రగణాలు ఆరు: లలలల, లలలగ, లలగల, గలల, గలగ, గగల. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. మన మొదటి పాదం: చెట్టు (గల), నీడ (గల), కింద (గల), సేదదీ (గలగ), రెడివాడు (లలగల). నాలుగోది: తలచు (లలల), కొన్న (గల), చాలు (గల), ధన్యు (గల), డగును (లలల). రెండోదీ మూడోదీ మీరు విడదీయండి. ‘పేరొకపరి’ మధ్యలో గణం విరుగుతుంది, కంగారుపడకండి. గణం పదాన్ని ఎక్కడైనా కోయవచ్చు.

యతి ప్రతి పాదంలో మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాలి. చె–సే, నా–న, పం–వా, త–ధ. హల్లు కుదిరితే చాలదు, దాని మీది అచ్చు కూడా కుదరాలి. అచ్చుల్లో అ ఆ ఐ ఔ ఒక జట్టు. ఇ ఈ ఎ ఏ ఋ ఒక జట్టు. ఉ ఊ ఒ ఓ ఒక జట్టు. హల్లుల్లో ముఖ్యమైన జట్లు: క ఖ గ ఘ, చ ఛ జ ఝ శ ష స, ట ఠ డ ఢ, త థ ద ధ, ప ఫ బ భ వ. సంధి జరిగిన చోట సాధారణంగా రెండో పదం మొదటి అచ్చుకే యతి చూస్తారు. ‘పేరొకపరి’లోని ‘రొ’ యతిస్థానంలో పడితే అది ర కాదు, ఒ. కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఎంతకీ యతి కుదరకపోతే ఆటవెలదిలో, తేటగీతిలో, సీసంలో ప్రాసయతి వాడుకోవచ్చు. అంటే మొదటి అక్షరాల బదులు వాటి పక్కనున్న రెండో అక్షరాలు కలవాలి, ‘చెట్టు’కి ‘పట్టు’ లాగా. కందంలో, వృత్తాల్లో ఆ వెసులుబాటు లేదు.

కట్టడం

చెప్పదలచుకున్నదాన్ని ముందు పది పన్నెండు మాటల వచనంలో రాసుకోండి. అంతకన్నా పొడుగైతే అది ఆటవెలదిలో పట్టదు, సీసానికో రెండు పద్యాలకో వెళ్ళాలి. తర్వాత నాలుగో పాదం కట్టండి. ఆటవెలది దెబ్బంతా అక్కడే ఉంటుంది. మొదటి పాదం నుంచి కట్టుకుంటూ వచ్చినవాళ్ళకి చివరి పాదానికి చోటూ మిగలదు, సత్తువా మిగలదు. నాలుగోది నిలబడ్డాక మూడోది, ఆపైన మొదటి రెండూ.

మాటల్ని రెండు వరసల్లో సమకూర్చుకోవడం మంచి అలవాటు. గల వరసలో చెట్టు, నీడ, పండు, వేళ, చేతి, ఊరు, దారి. లలల వరసలో తలచు, నలత, పడవ, పలుకు, మనసు. రోజూ కనబడే బోర్డుల మీది మాటల్ని కూడా మనసులో ఇలా తూచండి. కొన్నాళ్ళకి వేళ్ళు మడవకుండానే బరువు తెలుస్తుంది.

ఇప్పుడు ఏం చెడుతుందో చూద్దాం. రెండో పాదాన్ని ‘నాటినట్టివాని కష్టమెరుగునె’ అని మార్చామనుకోండి. అర్థం ఇంకా సూటిగా ఉంది. కానీ నా–క యతి కుదరదు. పైగా ‘కష్ట’ గల అయ్యాక ‘మెరుగునె’ నాలుగు లఘువులై సూర్యగణం ఉండాల్సిన చోట ఇంద్రగణం కూర్చుంది. మూడో పాదాన్ని వాడుక భాషలోకి తెచ్చి ‘పండు తింటున్నపుడు’ అని మొదలుపెడితే ‘టు’ చూడడానికి లఘువు, ‘న్న’ ముందుంది కాబట్టి గురువు. ‘తింటు’ గగ అయిపోయింది, ఏ సూర్యగణమూ కాదు.

దీని వెనక ఒక కారణం ఉంది. సూర్యగణం ఎప్పుడూ లఘువుతోనే ముగుస్తుంది కాబట్టి ఆటవెలది రెండు, నాలుగు పాదాల్లో రెండు గురువులు పక్కపక్కన రానే రావు. మన వాడుక క్రియలేమో ‘వస్తున్నాడు’, ‘చేస్తాను’, ‘వెళ్ళిపోయాడు’ అంటూ గురువుల గుంపులు. పద్యభాష ‘తినెడి’, ‘అగును’, ‘తలచు’ అంటూ పాత రూపాల దగ్గరే ఉండిపోవడానికి చాదస్తం ఒక్కటే కారణం కాదు, ఈ ఇరుకు కూడా కారణం. వాడుక భాషలో ఆటవెలది రాయాలంటే క్రియల్ని తగ్గించి నామవాచకాల మీద నడపాలి. కష్టం, కానీ సాధ్యం. పాత రూపాలే వాడతామనుకుంటే పద్యమంతా అవే వాడండి. ఒక పాదంలో ‘గనునె’, పక్క పాదంలో ‘చూస్తాడా’ ఉంటే అతుకు కనబడిపోతుంది.

గణం నింపడానికి దొర్లే మాటలు ఇంకో జబ్బు. ఇలను, సుమ్ము, నిజము, కాదె, వినుము లాంటివి అర్థం ఏమీ మొయ్యకుండా చోటు మాత్రం ఆక్రమిస్తాయి. పై పద్యంలో ‘నాటినట్టి’లోని ‘అట్టి’ ఆ జాతిదే: ‘నాటిన’తో అర్థం సరిపోయింది, గణం సరిపోలేదు. పద్యానికి ఒకటి చెల్లుతుంది. రెండు దాటితే ఆ పాదం మళ్ళీ కట్టాలి. పరీక్ష సులువు: మాట తీసేసి తాత్పర్యం చెప్పండి. తాత్పర్యం మారకపోతే అది పూరణమే.

ఆటవెలది చేతికి వచ్చాక తేటగీతి: ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు, నాలుగు పాదాలూ ఒకే నడక, యతి నాలుగో గణం మొదట్లోనే. ఆ తర్వాత కందం. ‘కందం చెప్పినవాడే కవి’ అన్న నానుడి ఊరికే పుట్టలేదు. గణాలన్నీ నాలుగు మాత్రలవే: గగ, గలల, లగల, లలగ, లలలల. ఒకటి, మూడు పాదాల్లో మూడేసి, రెండు, నాలుగు పాదాల్లో అయిదేసి. ఒకటీ రెండూ పాదాల్ని కలిపి ఎనిమిది గణాల సగంగా లెక్కపెట్టండి. బేసి గణాల్లో లగల రాకూడదు. ఆరో గణం లగల గానీ, లలలల గానీ అయి తీరాలి. ఎనిమిదో గణం గురువుతో ముగియాలి. రెండు, నాలుగు పాదాల్లో నాలుగో గణం మొదటి అక్షరానికి యతి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరానికి ప్రాస, అంటే అన్నిట్లో అక్కడ ఒకే హల్లు. మొదటి పాదం గురువుతో మొదలైతే అన్నీ గురువుతోనే, లఘువుతో మొదలైతే అన్నీ లఘువుతోనే. కట్టేటప్పుడు ముందు ప్రాసకి సరిపడే నాలుగు మాటలు, తర్వాత ఆరో గణాలు రెండూ పట్టుకోండి. మిగతాది వాటి చుట్టూ అల్లుకుంటుంది. ఆరో గణాన్ని చివరికి వదిలేసినవాళ్ళు మొత్తం విప్పాల్సి వస్తుంది.

ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం అనే వృత్తాలు అక్షరానికి అక్షరం బిగించినవి. ఉత్పలమాలకి 20 అక్షరాలు, యతి పదో అక్షరం; చంపకమాలకి 21, యతి పదకొండు; శార్దూలానికి 19, యతి పదమూడు; మత్తేభానికి 20, యతి పద్నాలుగు. వీటిని సూత్రం నుంచి నేర్చుకోవడం దండగ. ఒక్కో వృత్తంలో పది పద్యాలు నోటికి వస్తే నడక దానంతటదే వస్తుంది.

యతిప్రాసల బిగువు వద్దు, నడక మాత్రం కావాలనుకునేవాళ్ళకి మాత్రాఛందస్సు ఉంది. 1910లో గురజాడ ముత్యాలసరాలతో తెచ్చిన నడకలో మూడు, నాలుగు మాత్రలు మారి మారి వస్తాయి: ‘చెరువు గట్టున నిలిచి చూస్తే / తెల్ల కొంగలు తేలి పోయెను’. తకిట తకధిమి అని చప్పట్లు వేస్తూ రాయండి. చేయి తడబడిన చోట మాత్ర తప్పిందని అర్థం.

వచన కవిత

ఇక్కడ గణం లేదు కాబట్టి సులువనుకుంటారు. పద్యంలో తప్పు కనిపించి దొరికిపోతుంది, వచన కవితలో దాక్కుంటుంది. తేడా అంతే. చిత్తుప్రతి ఒకటి:

నా హృదయ వీణ తీగలు తెగి
విషాద రాగం పలుకుతున్న వేళ
అమ్మ జ్ఞాపకాల వెన్నెల కురిసి
నా కన్నులు చెమ్మగిల్లాయి

వీణ, రాగం, వెన్నెల ఎవరి ఇంట్లోవో తెలియదు. అమ్మ ఎక్కడా కనిపించదు. ఏడుపు వచ్చిందని కవే చెప్పేశాడు, చదివేవాళ్ళకి పనేమీ మిగల్లేదు. ‘జ్ఞాపకాల వెన్నెల’ లాంటి రూపకాలు, అంటే రెండు నామవాచకాల్ని ‘ల’తోనో ‘టి’తోనో ‘పు’తోనో కట్టేసేవి, తెలుగు వచన కవితకి పట్టిన తుప్పు. ఆశల పల్లకి, కన్నీటి సంద్రం, మౌనపు గోడ. కవితకి ఒకటి కన్నా ఎక్కువుంటే మిగతావి కొట్టేయండి. కొట్టేశాక వెతకాల్సింది వస్తువుని: ఆ వేళ కంటికి ఎదురుగా నిజంగా ఏముంది?

అమ్మ కళ్ళజోడు
మేజా మీదే ఉంది
విరిగిన కాడకి దారం చుట్టి

అద్దం మీద వేలిముద్ర
తుడవబోయి
ఆగాను

వీణ పోయింది, దారం వచ్చింది. దారం చుట్టుకుని వాడుకున్న మనిషి ఎలాంటిదో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. పాదాల విరుపు చూడండి. ‘తుడవబోయి ఆగాను’ అని ఒకే పాదంలో పెడితే అది సమాచారం. విరిస్తే ఆ ఖాళీలోనే చేయి ఆగుతుంది. అలాగని మాటకో పాదం విరవడం మొదలుపెడితే ఏ విరుపుకీ విలువ ఉండదు.

తెలుగు వాక్యంలో క్రియ చివర పడుతుంది. ప్రతి వాక్యాన్నీ క్రియ దగ్గరే విరిస్తే అన్ని పాదాలూ ‘ఉంది’, ‘వచ్చింది’, ‘అయింది’ అని ఒకే మోత మోగుతాయి. అది అంత్యప్రాస అనుకుని కొందరు సంతోషిస్తారు కూడా. వ్యాకరణం ఉచితంగా ఇచ్చిన ప్రాస అది, అందులో కవి పని ఏమీ లేదు. విరుపుని కొన్నిసార్లు క్రియ ముందుకి జరపండి, కొన్నిసార్లు క్రియని పూర్తిగా వదిలేయండి. ‘దారం చుట్టి’ దగ్గర ‘ఉంది’ మళ్ళీ రాకపోవడం అందుకే.

రాసింది వారం పక్కన పెట్టి, ఆఖరి రెండు పాదాలు మూసేసి చదవండి. చాలాసార్లు కవిత అంతకుముందే అయిపోయి ఉంటుంది, మిగతాది వివరణ. బిగించడం అలవాటు కావాలంటే ఎన్. గోపి ప్రవేశపెట్టిన నానీ మంచి సాధన: నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు. పై కవితని అందులో పెడితే: ‘కళ్ళద్దాల మీద / అమ్మ వేలిముద్ర / తుడవబోయి / ఆగాను’. సరిగ్గా ఇరవై అక్షరాలు. దారం పోయింది. ఆ పోవడం నష్టమా లాభమా అన్నది తేల్చుకోవడమే కవి పని. ఇక్కడ నష్టమే.

ఇంకొకరి కవితని పట్టుకున్నప్పుడు

కవికి మొదటి మర్యాద పాఠం చెడకుండా చూడడం. టైపు చేసేటప్పుడు వట్రసుడి బదులు క్రారవడి పడితే ‘ప్రకృతి’ కాస్తా ‘ప్రక్రుతి’ అవుతుంది. స్పెల్లింగు ఒక్కటే కాదు, ‘ప్ర’ గురువై గణమే చెడుతుంది. అరసున్న బదులు నిండు సున్న కొడితే ‘నలతఁ’ కాస్తా ‘నలతం’ అయి ‘త’ గురువవుతుంది. అరసున్న దొరక్కపోతే వదిలేయండి, సున్న మాత్రం పెట్టకండి. ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో ఉన్న ఫైళ్ళని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు వత్తులు, పొల్లులు తప్పిపోతుంటాయి. మార్చాక గణాలు ఒకసారి లెక్కపెడితే తప్పులు వాటంతటవే బయటపడతాయి. వాట్సాప్‌లో పంపేటప్పుడు చరణాల మధ్య ఖాళీలు కలిసిపోకుండా చూడండి. వచన కవితకి ఖాళీ కూడా పాఠమే.

పేరు విషయంలో మకుటాన్ని నమ్మకండి. ‘విశ్వదాభిరామ వినురవేమ’ అన్న పాదం ఏ మూడు పాదాలకైనా అతుకుతుంది, చాలామంది అతికించారు కూడా. పాఠాన్ని పాత అచ్చుప్రతితో పోల్చండి. వేమన పద్యాల సంకలనాన్ని సి.పి. బ్రౌన్ 1829లోనే అచ్చు వేయించాడు. కవి పేరు, సంపుటి పేరు, వీలైతే పుట, ఈ మూడూ ఉంటేనే పంచుకోండి. ఎవరిదో తేలకపోతే తేలలేదని రాయండి, పెద్ద కవి పేరు తగిలించకండి.

భారతదేశంలో రచయిత జీవించి ఉన్నంత కాలం, మరణించిన మరుసటి సంవత్సరం జనవరి నుంచి 60 ఏళ్ళు కాపీహక్కు ఉంటుంది. 1915లో పోయిన గురజాడ రచనలు ఎవరైనా వేసుకోవచ్చు. 1971లో పోయిన జాషువా రచనలకు 2031 చివరిదాకా, 1983లో పోయిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరిదాకా హక్కు వారసులదో, రాసిచ్చినవారిదో. విమర్శలో, సమీక్షలో తగినంత ఉటంకించడానికి, సభలో కొంత భాగం చదవడానికి చట్టం ఒప్పుకుంటుంది. సంపుటి మొత్తాన్ని పీడీఎఫ్ చేసి గ్రూపుల్లో పెట్టడానికి ఒప్పుకోదు. బతికున్న కవి పుస్తకం కొనడం కన్నా సూటి సన్మానం లేదు, ముద్రణ ఖర్చు ఎక్కువసార్లు ఆయన జేబులోదే కాబట్టి.

ఉగాదికో, మార్చి 21న ప్రపంచ కవితా దినోత్సవానికో, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికో కవి సమ్మేళనం పెట్టేవాళ్ళు కవితలు ముందు, శాలువాలు తర్వాత పెట్టుకోవాలి. శాలువాలు ముందైతే సగం జనం ఫొటోలతో వెళ్ళిపోతారు, ఆఖరి కవి కుర్చీలకి వినిపిస్తాడు. కవిని పరిచయం చేయాలంటే బిరుదులు చదవకండి. ఆయన కవితలోంచి నాలుగు పాదాలు తప్పుల్లేకుండా చదవండి, ముందురోజు సాధన చేసి.

చదివేవాళ్ళకి: మూడు నిమిషాలు ఇచ్చారంటే ఇంట్లో గడియారం పెట్టుకుని రెండున్నరకి సరిపెట్టుకోండి, సభలో అదే మూడవుతుంది. నేపథ్యం ఒక్క వాక్యం చాలు. మంచి పాదం పడగానే సభ ‘మళ్ళీ’ అంటే ఆ పాదాన్ని మాత్రమే చదవండి, మొత్తం చరణం కాదు. ఎవరూ అనకపోతే మీ అంతట మీరు రెండుసార్లు చదవకండి. కాగితం మీద అక్షరాలు పెద్దవిగా, పాదాల విరుపులు అలాగే ఉండేలా అచ్చు తీసుకోండి. ఫోన్ తెర ఇరుకు వల్ల పాదాలు ఎక్కడపడితే అక్కడ విరిగి, గొంతు కూడా అక్కడే విరుగుతుంది.